ఫ్రీవేర్ అడ్వెంచర్ గేమ్స్: అమ్మకుండా బతికిన ఆటల కథ

ఈరోజు ఎపిసోడ్‌ని ఒక ఫైల్‌తో మొదలుపెడతాను. 2005లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో, ఒకప్పటి స్టూడెంట్ అకౌంట్‌కి సంబంధించిన బ్యాకప్‌లో ఒక పాత ప్రోగ్రామ్ దొరికింది. దాదాపు ముప్పై ఏళ్ళుగా అది పోయిందనే అందరూ అనుకున్నారు. అది ఒక గేమ్ కోడ్. ఎవరూ అమ్మని, ఎవరూ కొనని గేమ్. కానీ ఈరోజు మనం "అడ్వెంచర్ గేమ్" అని పిలిచే ప్రతి ఆటకీ మూలం అదే.

ఆ ఫైల్ ఎలా పోయింది, ఎలా దొరికింది అన్నది చివర్లో చెప్తాను. ఎందుకంటే అలాంటి ఫైల్ ఒకటి నాకూ పోయింది. నాది అంత గొప్పదేం కాదులెండి. అయినా నాకది ముఖ్యం.

ముందు నాకు ఈ ఆటల పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి. 2008లో నేను ఏడో తరగతి. మా నాన్న ఒక అసెంబుల్డ్ కంప్యూటర్ కొన్నారు. ఇంట్లో ఇంటర్నెట్ లేదు. నెట్ సెంటర్‌కి వెళ్తే గంటకి ఇరవై రూపాయలు. కాబట్టి గేమ్ అంటే మాకు రెండే దారులు. ఒకటి, ఫ్రెండ్ దగ్గర కాపీ చేసుకున్న సీడీ. రెండు, కంప్యూటర్ మ్యాగజైన్‌తో పాటు వచ్చే సీడీ. ఆ మ్యాగజైన్ సీడీలో "ఫ్రీవేర్" అని ఒక ఫోల్డర్ ఉండేది. అందరూ డెమోలు ఆడేసి ఆ ఫోల్డర్‌ని వదిలేసేవాళ్ళు. నేను డెమోలన్నీ అయిపోయాక, ఇంక చేసేదేం లేక దాన్ని తెరిచాను.

అందులో ఒక ఆట, పేరు "ఫైవ్ డేస్ ఎ స్ట్రేంజర్". చూడ్డానికి ఏమీ బాగుండదు. పెద్ద పెద్ద పిక్సెల్స్, బొమ్మలు గడులు గడులుగా కనిపిస్తాయి. కథ ఏంటంటే, ట్రిల్బీ అనే ఒక దర్జా దొంగ, ఖాళీగా ఉందనుకుని ఒక పాత బంగళాలోకి దూరతాడు. లోపలికి వెళ్ళాడు గానీ బయటికి రాలేడు. లోపల తనలాగే చిక్కుకుపోయినవాళ్ళు ఇంకొందరుంటారు. తుపాకీ లేదు, కారు లేదు, స్కోరు లేదు. గదులు వెతకాలి, వస్తువులు తీసుకోవాలి, మాట్లాడాలి, ఆలోచించాలి. నా ఇంగ్లీషు అప్పుడు అంతంతమాత్రం. పక్కన డిక్షనరీ పెట్టుకుని ఆడాను. రాత్రి లైటు ఆపేసి ఆడే ధైర్యం మాత్రం చెయ్యలేదు.

ఆట అయిపోయాక పేర్లు వస్తాయి కదా. సినిమాకి వచ్చినట్టు పెద్ద లిస్టు వస్తుందని చూశాను. దాదాపు అంతా ఒక్కడే పేరు. బెన్ క్రోషా. కంపెనీ లేదు, ధర లేదు. 2003లో ఆ ఆట తయారుచేసి ఊరికే ఇచ్చేశాడు. ఒక్క మనిషి గేమ్ చేయగలడా? చేసి ఊరికే ఎందుకు ఇస్తాడు? ఈ రెండు ప్రశ్నలు నన్ను బీటెక్ కంప్యూటర్ సైన్స్ దాకా లాక్కెళ్ళాయి. తర్వాత ఉద్యోగం చేసినా, మానేసి ఈ కెమెరా ముందు కూర్చున్నా, ఆ రెండో ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

సరే, అసలు మొదటికి వెళ్దాం. 1975, 76 ప్రాంతం. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో బీబీఎన్ అనే సంస్థ. మన ఇంటర్నెట్‌కి తాత అనదగ్గ ఆర్పానెట్‌ని కట్టిన ఇంజనీర్లు అక్కడ పనిచేసేవాళ్ళు. వాళ్ళలో ఒకరు విల్ క్రౌథర్. ఈయనకి గుహల్లోకి దిగడమంటే ప్రాణం. భార్య ప్యాట్రీషియా కూడా అంతే. కెంటకీ రాష్ట్రంలో మామత్ కేవ్ అని చాలా పెద్ద గుహ ఉంది. పక్కనున్న ఫ్లింట్ రిడ్జ్ గుహలకీ దీనికీ లోపల్నుంచి దారి ఉందని 1972లో ఒక బృందం కనిపెట్టింది. ఆ బృందంలో ప్యాట్రీషియా ఉన్నారు. వాళ్ళు కొలిచి తెచ్చిన లెక్కల్ని ఈ దంపతులు కంప్యూటర్‌లో ఎక్కించి మ్యాపులు గీసేవాళ్ళు.

తర్వాత ఇద్దరూ విడాకులు తీసుకున్నారు. క్రౌథర్‌కి గుహలకి వెళ్ళడం తగ్గిపోయింది. పిల్లలు దూరమైనట్టు అనిపించింది. అప్పుడాయన ఏం చేశాడంటే, తనకి బాగా తెలిసిన ఆ గుహని ఒక ప్రోగ్రామ్‌గా రాశాడు, తన కూతుళ్ళు ఆడుకోవడానికి. ఫోర్ట్రాన్ భాషలో, పీడీపీ-10 అనే పెద్ద కంప్యూటర్ మీద. బొమ్మలేం ఉండవు. "నువ్వు ఇక్కడున్నావు, చుట్టూ ఇవి ఉన్నాయి" అని కంప్యూటర్ చెప్తుంది. మనం ఒకటి రెండు ఇంగ్లీషు మాటలు టైప్ చేస్తే ముందుకి కదులుతుంది. చాలాచోట్ల తెర కూడా ఉండేది కాదు, కాగితం మీద టకటకా అచ్చయ్యేది. దాని పేరు "అడ్వెంచర్". తర్వాత "కొలోసల్ కేవ్" అని కూడా పిలిచారు.

ఆ గుహని ఆయన ఎంత నిజాయితీగా రాశాడంటే, ఈ ఆట ఆడినవాళ్ళు తర్వాత మొదటిసారి ఆ నిజం గుహలోకి వెళ్ళినా, ఆ భాగంలో దారి గుర్తుపట్టగలిగేవాళ్ళట.

ఆయన దాన్ని అమ్మలేదు. నెట్‌వర్క్‌లో అలా ఉంచేస్తే ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి పాకింది. స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ అనే స్టూడెంట్‌కి ఒక కాపీ కనిపించింది. దాన్ని ఇంకా పెంచాలనుకున్నాడు. అసలు రాసినవాడి అడ్రస్ తెలీదు. అందుకని అప్పట్లో నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి కంప్యూటర్‌కీ "క్రౌథర్" అనే పేరు మీద మెయిల్ పంపాడు. ఒకచోట నుంచి జవాబు వచ్చింది. సోర్స్ కోడ్ తీసుకుని, 1977లో పెద్దది చేసి మళ్ళీ అందరికీ వదిలాడు. అంటే ఈ తరహా ఆట పుట్టడమే ఒక తండ్రి పిల్లలకిచ్చిన బహుమతిగా పుట్టింది. పెరగడం కూడా ఒకరినొకరు అడిగి, ఇచ్చిపుచ్చుకునే పెరిగింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

తర్వాత వ్యాపారం వచ్చింది. ఎంఐటీ వాళ్ళు కొందరు "జోర్క్" అనే ఆట రాసి, 1979లో ఇన్ఫోకామ్ అనే కంపెనీ పెట్టారు. కాలిఫోర్నియాలో రోబెర్టా విలియమ్స్ అనే గృహిణి ఈ గుహ ఆట ఆడి, దాని మాయలో పడిపోయారు. భర్త కెన్ ప్రోగ్రామర్. ఆవిడ కథ రాస్తే ఈయన కోడ్ రాసి, 1980లో "మిస్టరీ హౌస్" తెచ్చారు. గీతల బొమ్మలతో వచ్చిన అడ్వెంచర్ అది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి అమ్మారు. అదే తర్వాత సియెరా అనే పెద్ద కంపెనీ అయింది. ఇటు లూకాస్ఆర్ట్స్ నుంచి 1990లో "మంకీ ఐలాండ్" వచ్చింది. మౌస్‌తో చూపించి నొక్కితే చాలు, టైప్ చేయక్కర్లేదు. పది పదిహేనేళ్ళు ఈ ఆటలు రాజ్యమేలాయి.

తర్వాత పడిపోయాయి. కారణాలు రకరకాలు చెప్తారు. త్రీడీ వచ్చింది. చేతితో బొమ్మలు గీయించి, గొంతులు చెప్పించి ఆట తీయడానికి ఖర్చు పెరిగింది. అడ్వెంచర్ గేమ్‌ని ఒకసారి విప్పేశాక మళ్ళీ ఆడేవాళ్ళు తక్కువ. వీటన్నిటికీ తోడు పజిల్స్ కూడా దారి తప్పాయి. ఒక్క ఉదాహరణ చెప్తా. 1999లో సియెరా "గేబ్రియల్ నైట్ 3" తెచ్చింది. అందులో హీరో తన ఫ్రెండ్ పేరు మీద బండి అద్దెకి తీసుకోవాలి. దానికి మీసం కావాలి. ఏం చేయాలంటే, ఒక కన్నానికి టేప్ అతికించి, అందులోంచి పిల్లిని పరిగెత్తించి, దాని వెంట్రుకలు తీసుకుని, సిరప్‌తో మూతికి అంటించుకోవాలి. ఇందులో అసలు సంగతేంటంటే, ఆ ఫ్రెండ్‌కి మీసమే లేదు! అందుకని అతని పాస్‌పోర్ట్ ఫొటో మీద మార్కర్‌తో మీసం గీయాలి. 2000లో ఎరిక్ వోల్‌పా అనే ఆయన ఈ పజిల్‌ని ఏకిపారేస్తూ, అడ్వెంచర్ గేమ్స్‌ని ఎవరూ చంపలేదు, అవే ఉరేసుకున్నాయి అన్న అర్థంలో ఒక వ్యాసం రాశారు. ఆయనే తర్వాత "పోర్టల్" అనే గొప్ప పజిల్ గేమ్ రచయితల్లో ఒకరయ్యారు.

1999 ఫిబ్రవరిలో సియెరా తన సొంతూరు ఓక్‌హర్స్ట్‌లో ఉన్న స్టూడియోని మూసేసింది. 2004 మార్చిలో లూకాస్ఆర్ట్స్ తయారీలో ఉన్న "శామ్ అండ్ మ్యాక్స్" ఆటని ఆపేసింది. మార్కెట్ బాలేదన్నారు. పత్రికలన్నీ "అడ్వెంచర్ గేమ్ చచ్చిపోయింది" అని రాశాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. చచ్చిపోయింది అంటే ఏంటి? ఆడేవాళ్ళు లేరనా? లేక పెట్టిన పెట్టుబడికి తగ్గ లాభం రావట్లేదనా? రెండూ ఒకటి కావు. మన ఊళ్ళో సినిమా హాలు మూతపడితే, ఊళ్ళో సినిమాలు చూసేవాళ్ళు లేరని కాదు కదా. ఇదీ అంతే. కంపెనీలు వదిలేసిన చోట మామూలు మనుషులు పని మొదలుపెట్టారు, అది కూడా కంపెనీలు ఇంకా ఉండగానే.

ముందుగా టెక్స్ట్ ఆటలు. ఇన్ఫోకామ్ 1989లో మూతపడింది. వాళ్ళ ఆటలు జెడ్-మెషిన్ అనే ఒక ఊహా కంప్యూటర్ కోసం రాసినవి. ఔత్సాహికులు ఆ ఫార్మాట్‌ని విప్పి అర్థం చేసుకున్నారు. 1993లో ఇంగ్లండ్‌లో గ్రాహమ్ నెల్సన్ అనే గణితం ఆయన, అదే ఫార్మాట్‌లో కొత్త ఆటలు రాసుకునేలా "ఇన్ఫార్మ్" అనే టూల్ తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. దాంతో పాటు "కర్సెస్" అనే పెద్ద ఆట కూడా. చూడండి, కంపెనీ పోయింది, కానీ దాని యంత్రం మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. 1995లో ఐఎఫ్ కాంప్ అనే వార్షిక పోటీ మొదలైంది. రెండు గంటలు ఆడి మార్కులు వెయ్యాలి అన్నది రూలు. అందుకే చిన్నచిన్న ఆటలు, కొత్త ప్రయోగాలు వచ్చాయి. 1998లో గెలిచిన "ఫొటోపియా"లో పజిల్స్ దాదాపు ఉండవు. ఒక కథ, అంతే. అమ్ముడుపోవాలన్న భయం లేనప్పుడే అలాంటివి పుడతాయి.

ఇక బొమ్మల ఆటలు. 1997లో ఇంగ్లండ్‌లోనే క్రిస్ జోన్స్ అనే కుర్రాడు "అడ్వెంచర్ క్రియేటర్" అని ఒక టూల్ వదిలాడు. తర్వాత దాని పేరే "అడ్వెంచర్ గేమ్ స్టూడియో", పొట్టిగా ఏజీఎస్. ఇది ఎలా పనిచేస్తుందో చెప్తాను, సింపుల్. ఒక గది బొమ్మ గీసి లోపల పెడతారు. దాని మీద కనబడని రంగులు పులుముతారు. ఈ రంగున్న చోట మనిషి నడవచ్చు. ఆ రంగున్నది తలుపు. ఇంకో రంగున్న వస్తువు వెనక్కి మనిషి వెళ్తే కనబడకూడదు. తలుపు మీద క్లిక్ చేస్తే ఏం జరగాలో నాలుగు లైన్లు స్క్రిప్ట్ రాయాలి. అంతే. సియెరాలో ఒక టీమ్ చేసే పని, హాస్టల్ గదిలో ఒక్కడు చేసుకోవచ్చు.

అయితే కోడ్ కంటే బొమ్మలు గీయడమే కష్టం. దానికి వాళ్ళు ఒక మంచి ఉపాయం కనిపెట్టారు. "రియాలిటీ ఆన్ ద నార్మ్" అని ఒక ఊహా ఊరు పెట్టారు. ఆ ఊరి వీధులు, ఇళ్ళు, మనుషుల బొమ్మలు అందరివీ. ఎవరైనా తీసుకుని తమ కథ చెప్పుకోవచ్చు, తాము గీసినవి మళ్ళీ ఆ ఊరికి ఇవ్వచ్చు. ఉమ్మడి చెరువు లాగా అన్నమాట.

ఇంకొందరు పాత ఆటల్నే బాగుచేశారు. ఇప్పుడు ఏజీడీ ఇంటరాక్టివ్ అని పిలిచే బృందం, సియెరా తీసిన మొదటి "కింగ్స్ క్వెస్ట్"ని కొత్త బొమ్మలతో ఏజీఎస్‌లో మళ్ళీ చేసి 2001లో ఉచితంగా ఇచ్చింది. తర్వాత హక్కులున్నవాళ్ళ నుంచి అనుమతి కూడా తెచ్చుకున్నారు. నేను సీడీలో ఆడిన "ఫైవ్ డేస్ ఎ స్ట్రేంజర్" కూడా ఏజీఎస్ ఆటే. క్రోషా దానికి ఇంకో మూడు భాగాలు చేశాడు, చివరిది 2007లో.

నిజం చెప్పాలంటే ఇవన్నీ బాగుంటాయని కాదు. సగానికి సగం చెత్త. రెండు పిక్సెల్స్ ఉన్న తాళంచెవి కోసం తెరంతా గాలించే ఆటలు నేను బోలెడు ఆడాను. కానీ చెత్త తీసే స్వేచ్ఛ ఉన్నచోటే మంచి కూడా వస్తుంది. మనందరి మొదటి షార్ట్ ఫిల్మ్ ఎలా ఉంటుందో మనకి తెలీదా?

మన బ్యాచ్ వాళ్ళకి బాగా తెలిసినవి ఇంకో రకం ఉన్నాయి. బ్రౌజర్‌లో ఫ్లాష్ ఆటలు. 2003లో ప్రేగ్‌లో యాకుబ్ డ్వోర్‌స్కీ అనే ఆర్ట్ స్టూడెంట్ తన డిగ్రీ ప్రాజెక్ట్‌గా "సామోరోస్ట్" చేశాడు. నాచు పట్టిన చెట్టు వేళ్ళు, చిన్న తెల్ల బట్టల బుడతడు, ఒక్క మాట కూడా ఉండదు. 2004లో జపాన్ నుంచి తకాగి తోషిమిత్సు "క్రిమ్సన్ రూమ్" చేశారు. ఎర్ర గది, తాళం వేసిన తలుపు, బయటపడాలి. నెట్ సెంటర్‌లో గంట డబ్బులు కట్టి, ఆ గదిలోంచి బయటపడకుండానే టైమ్ అయిపోయినవాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారో కామెంట్‌లో చెప్పండి.

ఇంతలో కొన్ని కంపెనీలు కూడా మంచి పని చేశాయి. ఇంగ్లండ్‌లోని రెవల్యూషన్ అనే కంపెనీ, తాము 1994లో అమ్మిన "బినీత్ ఎ స్టీల్ స్కై"ని 2003లో ఉచితం చేసింది. పాత ఆటల్ని కొత్త కంప్యూటర్లలో నడిపించే స్కమ్‌వీఎం అనే ప్రాజెక్ట్‌కి సోర్స్ కూడా ఇచ్చి సాయం చేసింది. ఈరోజు మీ ఫోన్‌లో కూడా అది ఆడుకోవచ్చు, చట్టబద్ధంగా.

ఈ "ఉచితం" అన్న మాటని ఒకసారి విడగొట్టి చూద్దాం, ముందు ముందు పనికొస్తుంది. ఫ్రీవేర్ అంటే ఆట ఊరికే ఇస్తారు, హక్కులు మాత్రం వాళ్ళవే, లోపలి కోడ్ మనకి కనబడదు. ఓపెన్ సోర్స్ అంటే కోడ్ కూడా ఇచ్చేస్తారు, మార్చుకోవచ్చు. అబాండన్‌వేర్ అంటే కంపెనీ పట్టించుకోవట్లేదు కదా అని జనం పంచుకోవడం. చట్టంలో ఆ మాటకి విలువ లేదు. ఏజీఎస్ మొదట ఫ్రీవేర్. 2010, 2011ల్లో క్రిస్ జోన్స్ దాని సోర్స్ కూడా ఇచ్చేశాడు. అందుకే ఆయన పక్కకి తప్పుకున్నా అది ఈరోజుకీ నడుస్తోంది.

మరి ఊరికే ఇచ్చినవాళ్ళకి ఏం మిగిలింది? కొందరికి జీవితమే మారింది. న్యూయార్క్‌లో డేవ్ గిల్బర్ట్ అనే ఆయన ఏజీఎస్‌లో ఉచిత ఆటలు చేసేవాడు. 2006లో ఒక నెల పోటీ కోసం "ద శివా" చేశాడు. హీరో ఎవరంటే, నమ్మకం సడలిపోయిన ఒక యూదు మతగురువు. ఏ కంపెనీ అయినా ఈ కథ వింటుందా? ఆ ఆటనే పెంచి అదే ఏడాది అమ్మాడు. అలా వాడ్జెట్ ఐ అనే చిన్న కంపెనీ పుట్టింది. ఏజీఎస్‌లోనే ఒక స్టూడెంట్ చేసిన "జెమినై రూ"ని 2011లో వాళ్ళే విడుదల చేశారు. 2012 ఫిబ్రవరిలో, ఒకప్పుడు లూకాస్ఆర్ట్స్‌లో పనిచేసిన టిమ్ షేఫర్, ఒక అడ్వెంచర్ గేమ్ తీస్తాను, నాలుగు లక్షల డాలర్లు కావాలి అని జనాన్ని అడిగితే 33 లక్షల డాలర్లకి పైగా వచ్చాయి. చచ్చిపోయిందన్న ఆటకి! మధ్యలో ఆ పన్నెండేళ్ళు దీపం ఆరకుండా చూసింది ఎవరో మనం ఇప్పటిదాకా చెప్పుకున్నాం.

ఇప్పుడు నా ఫైల్ సంగతి.

2017లో నేను బీటెక్ థర్డ్ ఇయర్. నేనూ, నిజామాబాద్ నుంచి వచ్చిన మా రూమ్మేట్, ఏజీఎస్‌లో ఒక ఆట చేద్దామనుకున్నాం. ఎక్కడ జరగాలి? క్రౌథర్ గుహ కథ చదివి ఉన్నా కదా, నాకు బాగా తెలిసిన చోటు పెట్టాలనుకున్నా. అది కోనసీమలో మా అమ్మమ్మ వాళ్ళ మండువా ఇల్లు. వీధి అరుగు, వసారా, మండువా, గాదె, అటక, వంటిల్లు, పెరడు. మొత్తం ఏడు గదులు. కథ చిన్నది. కరెంటు పోయిన రాత్రి ఒక పిల్లాడు తాతగారి టార్చిలైటు వెతకాలి. అంతే.

తెలుగులో చేయాలని పంతం. అప్పటి ఏజీఎస్‌కి యూనికోడ్ తెలీదు. ఒత్తులూ గుణింతాలూ దాని వల్ల కాని పని. మా రూమ్మేట్ అన్నాడు, "గిట్లయితే మాటలన్నీ బొమ్మలు చేసి పెడ్దాం రా". అదే చేశాం. ప్రతి డైలాగునీ ఒక బొమ్మగా మార్చి అతికించాం. ఒక్క అక్షరం తప్పు పడితే ఆ బొమ్మంతా మళ్ళీ చేయాలి. నాలుగు నెలలు పట్టింది.

సంక్రాంతికి ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి అమ్మమ్మకి చూపించాను. కుర్చీ దగ్గరికి లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని చూసింది. ఆట గురించి ఏం అడగలేదు. "ఒరేయ్ నాన్నా, నుయ్యి ఇటెందుకు పెట్టావురా? నుయ్యి కొబ్బరిచెట్టు అవతల కదా" అంది. నిజమే, బొమ్మలో చోటు సరిపోక నేనే ఇటు జరిపాను. "అటక నిచ్చెనకి ఒక మెట్టు విరిగి ఉండాలి, మీ పెద్ద మావయ్య విరగ్గొట్టాడు" అంది. అన్నీ రాసుకుని వచ్చి, రెండో వెర్షన్‌లో సరిచేశాను.

రెండు వెర్షన్లూ ఒక ఉచిత ఫైల్ హోస్టింగ్ సైట్‌లో పెట్టాను. ఆర్నెల్లకి ఎవరూ డౌన్‌లోడ్ చేయలేదని వాళ్ళు తీసేశారు. నేను చూసుకోలేదు. 2019లో నా ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ పోయింది. సోర్స్, బొమ్మలు, అన్నీ అందులోనే. బ్యాకప్ ఎందుకు లేదు అని అడక్కండి, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని కదా! 2020లో వాటాల కోసం ఆ ఇల్లు కొట్టేశారు. తర్వాతి ఏడాది అమ్మమ్మ పోయింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ ఇల్లు గదులతో సహా ఉన్నది ఆ ఆటలోనే అని.

ఇలా పోయేవి చాలా ఉన్నాయి. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కి సపోర్ట్ ఆగిపోయింది. ఇందాక చెప్పిన ఎర్ర గదితో సహా వేల ఆటలు బ్రౌజర్‌లో నడవడం మానేశాయి. ఇది ముందే ఊహించి 2018లోనే ఫ్లాష్‌పాయింట్ అనే ప్రాజెక్ట్ మొదలైంది. జీతం లేని వాలంటీర్లు లక్షకు పైగా ఆటల్ని, యానిమేషన్లని దాచిపెట్టారు. కొన్నదాన్ని జనం జాగ్రత్తగా దాచుకుంటారు. ఊరికే వచ్చినదాన్ని, ఎప్పుడైనా దొరుకుతుందిలే అని వదిలేస్తారు. అందుకే ఉచితంగా ఇచ్చిందే ముందు మాయమవుతుంది.

ఇప్పుడు స్టాన్‌ఫర్డ్ బ్యాకప్‌కి వద్దాం. అందులో దొరికింది విల్ క్రౌథర్ మొట్టమొదట రాసిన కోడ్. వుడ్స్ పెంచిన వెర్షన్ అందరి దగ్గరా ఉంది, దానికి ముందుది మాత్రం ఎక్కడా లేదు. డెనిస్ జెర్జ్ అనే ప్రొఫెసర్ వెతుకుతుంటే, వుడ్స్ స్టూడెంట్‌గా ఉన్నప్పటి అకౌంట్ బ్యాకప్‌లో అది బయటపడింది. ఆయన కెంటకీ వెళ్ళి ఆ గుహలోకి కూడా దిగి, కోడ్‌తో పోల్చి చూసి 2007లో వ్యాసం రాశారు. అప్పటిదాకా క్రౌథర్ రాసింది ఉత్త గుహ మాత్రమే, మంత్రాలూ మరుగుజ్జులూ వుడ్స్ కలిపినవి అని అందరూ అనుకునేవాళ్ళు. కోడ్ చూస్తే మంత్రం మాట, మరుగుజ్జులు క్రౌథర్ దాంట్లోనే ఉన్నాయి. అంటే ఆ తండ్రి పిల్లల కోసం రాసింది మ్యాపు కాదు, ఆటే. ఒక స్టూడెంట్ చెరపకుండా ఉంచిన ఒక్క కాపీ వల్ల ఆ సంగతి తెలిసింది.

పోయినేడాది నా పాత ఎపిసోడ్ ఒకటి చూసి కాలేజీ జూనియర్ ఒకడు మెసేజ్ చేశాడు. "అన్నా, నీ టార్చిలైటు గేమ్ నా దగ్గరుంది." హాస్టల్ లాన్‌లో సినిమాలతో పాటు అదీ కాపీ చేసుకున్నాడట. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో అలాగే ఉంది. పంపించాడు. నడిచింది. అరుగు, వసారా, మండువా, అన్నీ ఉన్నాయి.

కానీ అది మొదటి వెర్షన్. నుయ్యి తప్పు చోటే ఉంది. నిచ్చెన మెట్లన్నీ బాగున్నాయి. సోర్స్ లేదు కాబట్టి సరిచేయలేను. అమ్మమ్మ సరిచేయించిన ఇల్లు ఎక్కడా లేదు.

ఊరికే ఎందుకిస్తారు అన్న నా చిన్నప్పటి ప్రశ్నకి ఇప్పుడు నాకు తోచిన జవాబు చెప్తాను. ఇవ్వడం దాచుకోవడానికి ఒక పద్ధతి. మన దగ్గర ఉన్న కాపీ పోయినా ఇంకొకరి దగ్గర ఉంటుంది. అయితే ఇచ్చేటప్పుడు పూర్తిగా ఇవ్వాలి, సోర్స్‌తో సహా. నేను చేసిన తప్పు అదే.

కాబట్టి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి "ట్వైన్"లో. 2009లో క్రిస్ క్లైమస్ చేసిన ఉచిత టూల్ ఇది, ఓపెన్ సోర్స్. కథలో దారులు చీలుతూ పోయే ఆటలు రాసుకోవచ్చు. ఆట మొత్తం ఒక వెబ్ పేజీలా తయారవుతుంది కాబట్టి, బ్రౌజర్‌లో తెలుగు ఎంత చక్కగా కనిపిస్తుందో ఇందులోనూ అంతే, ఒత్తులతో సహా. కోడింగ్ రాకపోయినా ఒక సాయంత్రంలో నేర్చుకోవచ్చు. బొమ్మలుండవు, మాటలే. మా రూమ్మేట్ ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఉన్నాడు, టెస్టింగ్ వాడిదే. నుయ్యి కొబ్బరిచెట్టు అవతలే రాశాను.

మీరు ఆడాలనుకుంటే మూడు చెప్తాను. "బినీత్ ఎ స్టీల్ స్కై", "ఫైవ్ డేస్ ఎ స్ట్రేంజర్", "సామోరోస్ట్". మూడూ ఉచితం. ఆడాక డిలీట్ చేయకండి. ఒక పెన్‌డ్రైవ్‌లో పడేయండి. మీ దగ్గర పాత సీడీలుంటే పారేసేముందు ఒకసారి తెరిచి చూడండి. ఎవరిదో ఇల్లు అందులో ఉండచ్చు.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే ఫ్రెండ్స్. ఆట పూర్తయ్యాక సోర్స్‌తో సహా ఇక్కడే పెడతాను, కాపీ చేసుకోండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.